తొలి వానకి గుమ్మం లైటు చుట్టూ బొచ్చు పెంకు పురుగులు: ఇవేంటో చెప్తారా?

ఎర్రనేల (ప్లాసర్‌విల్, కాలిఫోర్నియా)

అందరికీ నమస్కారం. సియెర్రా నెవాడా కొండల అడుగున ఉన్న ఈ ఊరికి మేం వచ్చి రెండేళ్ళయింది. ఇంటి వెనకంతా వాలు నేల, ఓక్ చెట్లు, మాన్జనీటా పొదలు. ఎండాకాలం మొదలైనప్పట్నుంచి గట్టి వాన పడలేదు. నిన్న రాత్రి పదింటికి పట్టుకున్న వాన తెల్లవార్లూ కురిసింది.

పొద్దున అయిదు కాకముందే కాఫీ పెట్టుకుంటుంటే వీధి తలుపుకి ఏదో టప్ టప్‌మని కొట్టుకుంటున్న చప్పుడు వచ్చింది. తలుపు తీసి చూస్తే గుమ్మం లైటు కింద ఇరవై దాకా పెద్ద పెంకు పురుగులు. ఒక్కోటి నా బొటనవేలి మొదటి కణుపంత ఉంది. వీపు చెక్కకి వార్నిష్ వేసినట్టు మెరుస్తోంది. తిరగబడ్డవాటిని చూస్తే పొట్ట నిండా, కాళ్ళ నిండా ఎర్రటి బొచ్చు. ఆ బొచ్చుకి వాన చుక్కలు పట్టుకుని ఉన్నాయి. ఎనిమిది గంటలకల్లా ఒక్కటి కూడా లేదు.

పాప భయపడి వాకిట్లోకి రానంటోంది. పక్కింటావిడ మందు కొట్టించమంది. వచ్చే నెల వెనక వాలు చదును చేసి కూరగాయలకి మెట్టు మడులు కట్టిద్దామని కాంట్రాక్టరుతో మాట్లాడుకున్నాం. ఆయనా "మట్టిలో పురుగుంటుంది, తవ్వే ముందు మందు వేయించండి" అంటున్నాడు. ఇవి కుడతాయా? మొక్కల్ని తింటాయా? ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

నాగావళి (శ్రీకాకుళం)

అక్కా, ఇవి మన ఆరుద్ర పురుగులేనా? తొలకరికి బయటికొచ్చేవి, ఎర్రగా మఖమల్‌లా ఉండేవి?

తూనీగ (బర్క్‌లీ, కాలిఫోర్నియా)

ఎర్రనేల గారూ, ముందు టెన్షన్ తీరేలా చెప్తాను. కుట్టవు, కరవవు. మీ మొక్కల ఆకు ఒక్కటి కూడా కొరకవు. కొరకలేవు కూడా, ఎందుకంటే పెద్దయ్యాక వీటికి పనిచేసే నోరు ఉండదు. ఆహారనాళం కూడా కుంచించుకుపోయి ఉంటుంది. బయటికొచ్చాక చనిపోయేదాకా పచ్చి మంచినీళ్ళయినా ముట్టవు.

వీటిని ఇక్కడ రెయిన్ బీటిల్ అంటారు. మనం వాన పెంకు పురుగు అనుకోవచ్చు. ప్రజాతి పేరు, అంటే దగ్గరి జాతులన్నిటికీ కలిపి పెట్టిన పేరు, ప్లియోకోమా. గ్రీకులో నిండు జుట్టు అని అర్థం, ఆ పొట్ట చూశాక ఎందుకు పెట్టారో మీకే తెలిసి ఉంటుంది. 1856లో ఫిలడెల్ఫియాకి చెందిన జాన్ లారెన్స్ లెకాంట్ అనే పురుగుల శాస్త్రవేత్త మొదట వర్ణించాడు. ఆయన వర్ణించిన తొలి జాతి ప్లియోకోమా ఫింబ్రియాటా. అది మీ సియెర్రా కొండల అడుగు ప్రాంతానిదే, మీ ఇంటికొచ్చినవి అవే కావచ్చు. ఫొటో ఉంటే మీసాల చివర దగ్గరగా తీసి పెట్టండి. అక్కడ విసనకర్రలా విచ్చుకునే రేకులుంటాయి. ఎన్ని రేకులున్నాయి, ఏది ఎంత పొడవు అన్నది జాతిని పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ఇంకో మాట. మీరు చూసినవన్నీ మగవే. ఒక్క ఆడది కూడా ఉండదు. దాని గురించి తీరిగ్గా రాస్తాను, ఆఫీసుకి టైమైంది. దయచేసి ఈలోగా మందు మాత్రం కొట్టించకండి.

బడిగంట (గుంటూరు)

నాగావళీ, మంచి ప్రశ్న అడిగావు. కానీ రెండూ ఒకటి కాదు. ఆరుద్ర పురుగుకి ఎనిమిది కాళ్ళుంటాయి, ఈసారి కనిపిస్తే లెక్కపెట్టు. అది పెంకు పురుగు కాదు, అసలు కీటకమే కాదు. నల్లి, పిడుదు, సాలీడు, వీటి కుటుంబానికి చెందింది. మన పూర్వీకులు ఇంద్రగోపం అన్నది దాన్నే. పిల్ల దశలో వేరే పురుగుల ఒంటిని పట్టుకుని బతుకుతుంది, పెద్దయ్యాక నేలలో చిన్న చిన్న జీవుల్ని, వాటి గుడ్లని తింటుంది.

పోలిక ఒకటే. రెండూ వాన కోసం నేలలో కాచుకుని ఉంటాయి. ముప్ఫై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పాను. ప్రతి జూన్‌లో బడి తెరవగానే పిల్లలు అగ్గిపెట్టెల్లో ఎర్రమట్టి పోసి ఆరుద్ర పురుగుల్ని తెచ్చేవాళ్ళు. చూపించడం అయ్యాక, ఎక్కడ దొరికిందో అక్కడే వదిలిరమ్మని పంపేదాన్ని.

తూనీగ గారూ, ఆడవి ఎందుకు రావో రాయండి, ఎదురుచూస్తున్నాను.

తూనీగ

సాయంత్రం ఇంటికొచ్చి కూర్చున్నాను. మొదట్నుంచీ చెప్తాను.

ఆడదానికి ఎగిరే రెక్కలు ఉండవు. పై పెంకులుంటాయి గానీ, వాటి కింద ఉండాల్సిన పలచటి రెక్కలు మొండిగా మిగిలిపోయాయి. మగదానికంటే పెద్దది, బరువైనది, కాళ్ళు బలంగా ఉంటాయి. వాన పడి నేల మెత్తబడ్డాక కన్నం మొదట్లోకి వచ్చి కూర్చుంటుంది. అక్కడ్నుంచి ఒక వాసన వదులుతుంది. మగవాటి మీసాలకి అంత పెద్ద విసనకర్రలు ఉన్నది ఆ వాసన పట్టడానికే. నేలకి దగ్గరగా, కింది ఎత్తులో ఎగురుతూ వెతుక్కుంటాయి. దొరికిన చోట దిగి, నడిచి, కన్నంలోకి దూరతాయి. ఒక్క ఆడదాని చుట్టూ చాలా మగవి చేరడం మామూలే.

మగదాని దగ్గర ఉన్నది లార్వాగా, అంటే నేలలో పిల్ల పురుగుగా ఉన్నప్పుడు దాచుకున్న కొవ్వు మాత్రమే. గాల్లో ఉండే సమయం మొత్తం కలిపితే రెండు గంటలకి సరిపోతుంది. ఆ తర్వాత కొద్ది రోజులకే చనిపోతుంది. అంటే మీ గుమ్మం లైటు చుట్టూ అరగంట తిరిగిన మగపురుగు తన ఎగిరే బతుకులో నాలుగో వంతు అక్కడే ఖర్చు పెట్టేసింది. మందు కొట్టకపోయినా ఆ లైటు ఒక్కటి ఆర్పేస్తే చాలు, వాటికి చాలా మేలు చేసినవారవుతారు.

ఆడది నెలల తరబడి బతుకుతుంది. జత కట్టాక మళ్ళీ లోపలికి వెళ్ళిపోతుంది. గుడ్లు వెంటనే పెట్టదు. చలికాలమంతా నేలలో గడిపి, గుడ్లు లోపల ముదిరాక తర్వాతి ఎండాకాలానికి కన్నం అడుగున సుడి తిరిగినట్టు పెడుతుంది. నలభై, యాభై ఉంటాయి. అంత లోతు ఎందుకంటే ఎండాకాలంలో పైనేల బట్టీలా కాలిపోతుంది. కొన్ని చోట్ల మూడు మీటర్ల లోతులో కూడా గుడ్లు కనిపించాయి. మూడు మీటర్లంటే మనిషి నిలబడి పైకి చెయ్యి చాపినా అందని లోతు. అంగుళమో, అంగుళమున్నరో ఉండే పురుగు తలతో కాళ్ళతో తవ్వుకుంటూ అక్కడికి వెళ్తుంది. తల ముందు భాగంలో చిన్న పారలాంటి కొమ్ము ఉంటుంది, అదే దాని పనిముట్టు. ఆ బొచ్చు కూడా తవ్వేటప్పుడు ఒంటికి మట్టి ఒరుసుకోకుండా కాపాడుతుంది.

గుడ్లు పగిలాక లార్వాలు చెట్ల, పొదల, గడ్డి వేర్లు తింటూ నేలలోనే పెరుగుతాయి. ఎన్నాళ్ళనుకుంటున్నారు? 8 నుంచి 13 ఏళ్ళు. ఏడాదికొకసారి కుబుసం విడుస్తాయి. వీటి దగ్గరి చుట్టాలైన పేడ పురుగులు, కొమ్ము పురుగులు లార్వాగా మూడు దశల్లోనే ముగిస్తాయి. ఇవి ఏడుకి పైగా దశలు దాటుతాయి. ఆఖరి ఎండాకాలంలో ప్యూపాగా (కదలకుండా రూపం మార్చుకునే దశ) మారి, పెద్ద పురుగై, పైకి తవ్వుకుంటూ వచ్చి, నేల కింద వాన కోసం ఆగుతాయి.

నిన్న మీ గుమ్మంలో కనిపించినవి గుడ్డులోంచి వచ్చేటప్పటికి మీరు అమెరికా వచ్చి ఉండకపోవచ్చు కూడా.

ఎర్రనేల

నిజమే, అప్పటికి నేను అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాను. ఈ పోస్టు మా వారికి చదివి వినిపించాను. ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ వాలుని వచ్చే నెల మిషన్ పెట్టి తవ్విద్దామనుకున్నాం.

లైటు ఆర్పేశాను.

వేరుశనగ (కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా)

అమ్మా, మన జిల్లా ఆడబిడ్డ కనిపించేసరికి సంతోషమైంది. నేను రైతుని. పురుగు పేరు వినగానే మాకు గుర్తొచ్చేది వేరు పురుగు. తొలకరి వాన పడిన సాయంత్రం పొద్దు గుంకగానే నేలలోంచి పెంకు పురుగులు లేస్తాయి. వేప చెట్టు మీద, రేగు మీద, మునగ మీద వాలి ఆకు తింటాయి, జత కడతాయి, తెల్లారేసరికి మళ్ళీ మట్టిలోకి పోతాయి. వాటి పిల్లలు శనక్కాయ వేరు కొరుకుతాయి. చెట్టు వాడిపోయిందని పీకితే వేరుండదు, కింద సి ఆకారంలో ముడుచుకున్న తెల్ల పురుగు ఉంటుంది. మా నాయన కాలంలో రాత్రిపూట లాంతరు పట్టుకుని వేప కొమ్మలు ఊపి, రాలిన పురుగుల్ని కిరోసిన్ నీళ్ళ బొక్కెనలో వేసేవాళ్ళు. ఇప్పటికీ అది మంచి పద్ధతే. వేసవిలో లోతు దుక్కి దున్నితే పక్షులు ఏరుకు తింటాయి.

మా పురుగు ఏడాదిలో తన బతుకు ముగిస్తుంది. మీది పన్నెండేళ్ళంటున్నారు. వేరు తింటూ అన్నేళ్ళుంటే అక్కడి చెట్లు బతుకుతున్నాయా? రైతుగా అడుగుతున్నాను, తప్పుగా అనుకోవద్దు.

పియర్‌తోట (హుడ్ రివర్, ఓరెగాన్)

వేరుశనగ గారు అడిగిందానికి నేను జవాబు చెప్పాలి, ఎందుకంటే మా దగ్గర ఇది నిజంగా సమస్యే. పదకొండేళ్ళుగా ఇక్కడి పియర్ తోటల్లో పని చేస్తున్నాను. తూనీగ గారు చెప్పినదాంతో గొడవ లేదు గానీ, తోట రైతు వైపు కూడా చెప్పకపోతే సగమే చెప్పినట్టు.

హుడ్ రివర్, పక్కనున్న వాస్కో కౌంటీల్లో ప్లియోకోమా క్రినిటా, మైనర్, ఓరెగోనెన్సిస్ అనే జాతులున్నాయి. ఆపిల్, పియర్, చెర్రీ వేర్లు తింటాయి. సన్న వేర్లు తినేసి, లావు వేర్ల బెరడు గీకేస్తాయి. చెట్టు ఒక్కసారిగా చచ్చిపోదు. ఏళ్ళ తరబడి కాపు తగ్గుతూ, ఆకు చిన్నదవుతూ, నీరసించిపోతుంది. పైనుంచి ఏ తెగులో తెలియదు. ముసలి చెట్టు పీకినప్పుడు కింద గుంటలో తెల్ల లార్వాలు కనిపిస్తే అప్పుడు తెలుస్తుంది. ఎల్లర్ట్‌సన్, రిచర్ అనే ఇద్దరు ఈ తోటల్లోనే ఏళ్ళ తరబడి తవ్వి చూసి 1959లో వీటి జీవిత చక్రం మీద వివరంగా రాశారు. తూనీగ గారు చెప్పిన లోతులు, ఏళ్ళు చాలావరకు అలాంటి పనివల్లే తెలిశాయి. అంటే ఈ పురుగు గురించి మనకి తెలిసిందాంట్లో కొంత అది తోటల్ని పాడుచేసినందుకే తెలిసింది.

అయితే ఒక సంగతి. మా తోటలు ఒకప్పటి అడవి నేల మీద వేసినవి. పురుగు బయటినుంచి తోటలోకి రాలేదు. ఓక్ వేర్లు, పొద వేర్లు తింటూ ముందే అక్కడుంది. అడవి కొట్టేసి పియర్ పెట్టారు, అది పియర్ తిన్నది. ఆడది ఎగరదు కాబట్టి పక్క తోటకి పాకడం చాలా నెమ్మది. ఒక తోటలో విపరీతంగా ఉండి, రోడ్డవతల తోటలో ఒక్కటీ లేకపోవడం నేను కళ్ళారా చూశాను.

పెద్ద పురుగు ఏమీ తినదు గనక ఆకు మీద ఏ మందు కొట్టినా దండగ. లార్వా అంత లోతులో ఉంటుంది గనక నేలమీద చల్లినా చేరదు. ఎర్రనేల గారి కాంట్రాక్టరు చెప్పింది ఏ రకంగా చూసినా పనికిరాదు.

వేరుశనగ

పియర్‌తోట గారూ, బాగా విడమరచి చెప్పారు. తోటలో ఉంటే పోరాడాల్సిందే. వాలు మీద అడవి పొదల్లో ఉంటే దాని నేల దానిది. అమ్మాయికి అక్కడ పంట లేదు కదా.

కొండదారి (శాన్ డియేగో, కాలిఫోర్నియా)

చర్చ ఆలస్యంగా చూశాను. మా దక్షిణాన ఉండేవాటి సంగతి చెప్తాను. ఇక్కడ ప్లియోకోమా పంక్టికోలిస్ ఉంది, మగది నిగనిగలాడే నలుపు. ప్లియోకోమా ఆస్ట్రాలిస్ అని ఇంకోటి ఉంది, పేరుకి అర్థం దక్షిణాది అని. వారాంతాల్లో కొండలెక్కుతాను. తొలి పెద్ద వాన ఎప్పుడా అని నవంబరు అంతా వాతావరణం చూసుకుంటూ ఉంటాను. ఉత్త జల్లు సరిపోదు, నేల నానాలి. ఒక ఏడాది సన్న తుంపర పడిన మూడు పొద్దుళ్ళు వెళ్ళి ఉత్త చేతులతో వచ్చాను. నాలుగోసారి కాలువలు పారే వాన పడ్డాక వెళ్తే, మసక వెలుతురులో పొదల మీదుగా బరువైన హోరుతో వెళ్తున్నాయి.

ఆ దారి పొడవునా కొత్త ఇళ్ళొచ్చాయి. ఈత కొలనుల్లో పడి చచ్చిన మగవాటిని చూశాను. కొండకి ఈవల ఉండే గుంపు పోతే ఆవలి గుంపు వచ్చి నింపదు కదా, అదే నా బాధ. తూనీగ గారూ, ఇవి మొత్తం ఎన్ని జాతులు, ఎక్కడెక్కడ ఉన్నాయి? నాకు నా ఊరివే తెలుసు.

తూనీగ

కొండదారి గారు అడిగింది నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం, అందుకే కాస్త పొడుగవుతుంది.

ప్రపంచం మొత్తంలో ప్లియోకోమా ఉండేది ఉత్తర అమెరికా పడమటి అంచున మాత్రమే. వాషింగ్టన్ రాష్ట్రం దక్షిణ కొస నుంచి ఓరెగాన్, కాలిఫోర్నియా మీదుగా మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ఉత్తర భాగం దాకా. ఈ సన్నటి పట్టీలో పాతిక పైచిలుకు జాతులున్నాయి. అత్యధికం కాలిఫోర్నియాలోనే. బర్క్‌లీలో పనిచేసిన గోర్టన్ లిన్స్‌లీ 1930లు, 40ల్లో చాలా జాతులకి పేర్లు పెట్టాడు. ఆ తర్వాత ఫ్రాంక్ హోవోర్ దక్షిణ కాలిఫోర్నియా జాతుల మీద చాలా పని చేశాడు. హోవోర్ వర్ణించిన ఒక జాతి పేరు లిన్స్‌లీయై. తనకంటే ముందు దారి వేసినాయన పేరే పెట్టాడు.

పేర్లు చదివితే భూగోళం పాఠంలా ఉంటుంది. సొనోమే సొనోమా కొండలది. వెంచురే వెంచురా వైపుది. లూసియా మాంటెరే దగ్గరి శాంటా లూసియా పర్వతాలది. షాస్టెన్సిస్ షాస్టాది, టులారెన్సిస్ టులారేది. మా బే ఏరియాలో, అంటే శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉండేది బెరెన్సీ. ఇలా ఊరి పేరో కొండ పేరో పెట్టగలిగారంటే కారణం ఉంది. ఒక్కో జాతి ఒక్కో చోటుకే కట్టుబడి ఉంది.

ఎందుకు? మళ్ళీ ఆడదాని దగ్గరికే వస్తాం. మగది ఎంత దూరం ఎగిరినా గుడ్డు పెట్టేది ఆడది. అది పుట్టిన చోటునుంచి నడిచి వెళ్ళే దూరం కొద్ది గజాలే. మధ్యలో ఒక నది వచ్చినా, ఒక మైదానం మునిగినా, అవతలి గుంపు వేరు, ఇవతలి గుంపు వేరు. వేల తరాలు గడిచేసరికి రంగు మారుతుంది, మీసాల రేకులు మారతాయి, ఎగిరే వేళ మారుతుంది. కొన్ని పొద్దు పొడవకముందు ఎగురుతాయి, కొన్ని మునిమాపు వేళ, కొన్ని పగలు వానలోనే. ఎత్తైన కొండల మీద మంచు కరిగేటప్పుడు ఎగిరేవీ ఉన్నాయి. కొన్ని గుంపుల్ని వేరే జాతి అనాలా, ఉపజాతి అనాలా అన్న వాదన ఇప్పటికీ ఉంది. రెండు గుంపులు కలిసే చోట మధ్యస్థంగా ఉండేవి దొరికితే ఆ గీత ఎక్కడ గీయాలో తేల్చడం కష్టం.

పరిశోధకులు గమనించిన ఇంకో సంగతి. గత ఇరవై, ముప్ఫై లక్షల ఏళ్ళలో హిమానీనదాలు కప్పని, సముద్రం ముంచని నేలల్లోనే ఇవి ఎక్కువగా ఉంటాయి. అంటే ప్లియోకోమా పటం గీస్తే, పాత నేల ఎక్కడుందో దాదాపు కనిపిస్తుంది. ఒకసారి తుడిచిపెట్టుకుపోయిన చోటికి తిరిగి రావడం వీటికి అంత కష్టం.

ఎర్రనేల గారి వాలు కూడా అలాంటి పాత నేలే.

నాగావళి

తూనీగ గారూ, ఒక సందేహం. శీతాకాలం వానలో పురుగు ఎలా ఎగురుతుంది? మాకు చలి రోజుల్లో సీతాకోకచిలుకలు కూడా ఎండ కాచుకుంటే గానీ ఎగరవు. పైగా సూర్యుడు లేడు, రెక్కలు తడి.

తూనీగ

చాలా మంచి ప్రశ్న. వీటికి ఎండ అక్కర్లేదు. రొమ్ములో రెక్కల్ని ఆడించే కండరాలుంటాయి కదా, ఎగరకముందే వాటిని పనిచేయించి లోపలే వేడి పుట్టిస్తాయి. మనకి చలేస్తే ఒణుకు వచ్చినట్టే అనుకో. కెన్నెత్ మోర్గన్ అనే ఆయన 1987లో దీని గురించి రాశాడు. ఎగిరేటప్పుడే కాదు, నేలమీద నడుస్తూ వెతికేటప్పుడు కూడా ఒళ్ళు వేడిగా ఉంచుకుంటాయి. ఆ వేడికి కూడా దాచుకున్న కొవ్వే కరగాలి. అందుకే అంత తక్కువ సమయం.

బడిగంట

ఇన్నేళ్ళు పాఠం చెప్పి కూడా పెంకు పురుగు ఒళ్ళు వేడి చేసుకుంటుందని నాకు ఇవాళే తెలిసింది. నాగావళీ, నీ ప్రశ్న వల్లే.

ఎర్రనేల

రెండో వాన పడింది. నిన్న తెల్లవారుజామున నేనూ పాపా రెయిన్‌కోట్లు వేసుకుని వెనక వాలు దగ్గరికి వెళ్ళాం. లైటుకి ఎర్ర కాగితం చుట్టి పట్టుకున్నాం. మొదట ఏమీ లేదు. ఆకులమీద వాన చప్పుడు, అంతే. తర్వాత మోకాలెత్తున ఒక హోరు మమ్మల్ని దాటి వెళ్ళింది. పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది గానీ పరిగెత్తలేదు.

మాన్జనీటా పొద పక్కన ఒక మగది ధబ్‌మని దిగింది. దిగగానే మీసాల రేకులు విప్పింది. పాప "అమ్మా, వేళ్ళు చాపినట్టు చాపింది" అంది. నిజంగా అలాగే ఉంది, సన్నటి గోధుమరంగు వేళ్ళు. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి తిరిగింది. ఎండుటాకుల మీదుగా తడబడుతూ, ఆగుతూ, మళ్ళీ నడుస్తూ ఓ రెండు గజాలు వెళ్ళింది. మేం చెప్పులు విడిచి మెల్లగా వెనకాలే వెళ్ళాం. రాలిన ఓక్ ఆకు కింద రూపాయి బిళ్ళంత కన్నం ఉంది. చుట్టూ తడి మట్టి ఉండలు ఉండలుగా పేరుకుని ఉంది. అప్పటికే అక్కడ మూడు మగవి ఒకదానిమీద ఒకటి పడి తోసుకుంటున్నాయి.

లైటు కొంచెం పక్కకి వంచి చూస్తే కన్నంలో ఎర్ర గోధుమరంగు తల ఒకటి కనిపించింది. మా గుమ్మంలో చూసినవాటికంటే వెడల్పు. కదలకుండా ఉంది. ఒక మగది లోపలికి దూరగానే ఆ తల వెనక్కి జరిగి చీకట్లో కలిసిపోయింది. మిగతా రెండూ కాసేపు అంచు మీదే తచ్చాడాయి. వాటిలో ఒకటి మళ్ళీ ఎగరాలని చూసి ఎగరలేక నడుచుకుంటూ పొదలోకి వెళ్ళింది.

పాప అడిగింది, "ఆ అమ్మ లోపల ఎన్ని రోజులు ఉంటుంది?" అని. గుడ్లు పెట్టేదాకా అన్నాను. "పిల్లలు ఎప్పుడొస్తాయి" అంది. తనకిప్పుడు ఆరేళ్ళు. తూనీగ గారి లెక్క ప్రకారం తను కాలేజీ మెట్లెక్కే వయసుకి వస్తాయి. అదే చెప్పాను. వేళ్ళు లెక్కపెట్టుకుంటూ ఇంట్లోకి నడిచింది.

ఆ వాలులో మొత్తం ఏడు కన్నాలు దొరికాయి. పక్కన చిన్న రాళ్ళు గుర్తు పెట్టాం.

కొండదారి

చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళుగా తిరుగుతున్నాను, ఆడదాన్ని కన్నంలో ఒక్కసారి కూడా చూడలేదు.

ఒక విన్నపం. ఆ చోటు కచ్చితంగా ఎక్కడో ఎక్కడా పెట్టకండి. సేకరించేవాళ్ళు ఆడవాటి కోసం నేల తవ్వేస్తారు. చూసిన జీవుల ఫొటోలు పెట్టే ఐనాచురలిస్ట్ సైట్‌లో పెడితే ప్రదేశం దాచి పెట్టే వీలుంది, అది వాడండి.

పియర్‌తోట

మడుల సంగతి ఏం చేస్తున్నారు? తోట పనివాడిగా నాకు తోచింది చెప్తాను. వాలు చదును చేస్తే పై మట్టి తీసి కిందికి తోస్తారు, బరువైన మిషన్ తిరిగి నేల గట్టిపడుతుంది, పొదలు పోతాయి. లోపల పదేళ్ళ వయసు లార్వా నుంచి ఈ ఏటి గుడ్డు దాకా అన్ని తరాలూ ఒకే చోట ఉంటాయి. ఒక్క రోజు పనితో డజను తరాలు పోతాయి. కూరగాయలకి నేలే కావాలని లేదు. ఇంటి ముందు చదును జాగా ఉంటే చెక్క పెట్టెలు పెట్టి మట్టి నింపుకోండి. వంకాయ, బెండ, గోంగూర అన్నీ ఒకటిన్నర అడుగు మట్టిలో బాగా వస్తాయి. ఓక్ కింద ఎండాకాలం నీళ్ళు పెడితే ఓక్‌కి కూడా మంచిది కాదు, వేరు కుళ్ళుతుంది. కాబట్టి ఆ వాలు కూరగాయలకి మొదట్నుంచీ సరైన చోటు కాదు.

వేరుశనగ

ఆ మాట నేనూ చెప్దామనుకున్నాను. వాలు నేల కదిలిస్తే వానకి మట్టి కొట్టుకుపోతుంది. మా పక్క చూశాం. అమ్మా, గోంగూర విత్తనం పెట్టెలో బాగా వస్తుంది, పాదుకి ఎండ బాగా తగలాలి.

ఎర్రనేల

కాంట్రాక్టరుకి ఫోన్ చేసి వాలు పని వద్దన్నాం. ఇచ్చిన అడ్వాన్సులో సగం వెనక్కి రాదన్నాడు. పోనివ్వండి. గ్యారేజీ పక్కన ఎండ పడే సిమెంటు జాగాలో నాలుగు పెట్టెలు పెడుతున్నాం.

పక్కింటావిడకి కూడా చెప్పాను. మొదట నమ్మలేదు. నిన్న పొద్దున తనే వచ్చి, తన పెరట్లో లైటు ఆర్పేస్తే అటు వైపు కూడా హోరు వినిపించిందని చెప్పింది. వాళ్ళ పూల్ మీద కవర్ వేయించింది.

మీసాల ఫొటో పెడుతున్నాను, తూనీగ గారూ. చచ్చిపోయిన మగది గుమ్మంలో దొరికితే తీసింది. పొట్ట బొచ్చు తడి ఆరాక ఎంత మెత్తగా ఉందో చెప్పలేను.

తూనీగ

ఫొటో చూశాను. పొడుగు రేకుల వరస, రంగు, మీరున్న చోటు, అన్నీ ఫింబ్రియాటాకే సరిపోతున్నాయి. లెకాంట్ 1856లో పేరు పెట్టిన జాతే మీ వాలులో ఉంది.

చిన్న పని అడుగుతాను. తేదీ, వాన ఎప్పుడు మొదలైంది, మొదటి మగది ఎన్నింటికి కనిపించింది, ఆఖరిది ఎన్నింటికి, ఇవి నాలుగూ ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టండి. ప్రతి ఏడాదీ. చచ్చినది పారేయకండి, చీటీ మీద తేదీ, ఊరు రాసి డబ్బాలో ఉంచండి. దగ్గర్లో ఏ మ్యూజియమో అడిగితే ఇవ్వొచ్చు.

బడిగంట

ఆ నోట్‌బుక్ పాప చేత రాయించమ్మా.

ఎర్రనేల

అలాగేనండి. అట్ట మీద పేరు తనే రాసుకుంది, "వాన పురుగుల పుస్తకం" అని తెలుగులో. మొదటి పేజీలో ఏడు రాళ్ళు గీసింది. ఇవాళ పొద్దున వెళ్ళి చూస్తే అయిదు కన్నాలు లోపలినుంచి మట్టితో మూసి ఉన్నాయి. రెండు ఇంకా తెరిచే ఉన్నాయి. శనివారం మళ్ళీ వాన ఉందంటున్నారు.